మీ జీటీవోకి హెడర్లు వేయాలా, వద్దా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు ముగ్గురూ కలిసి బాగుచేస్తున్న 1967 పాంటియాక్ జీటీవో కారుకి హెడర్లు, అంటే ఒక్కో సిలిండర్ పొగను విడిగా బయటికి తెచ్చే గొట్టాలు, కొందామని డబ్బు కూడబెడుతున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. అయితే ఆర్డరు పెట్టే ముందు ఈ ఉత్తరం చదవండి. ఆ ఇంజన్ ఇప్పుడున్న పరిస్థితిలో మీకు కావలసింది హెడర్లు కాదని, అదే పని చేసే, ఒకే ముక్కగా పోతపోసిన మంచి ఇనుప మానిఫోల్డ్‌లని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను. చివరికి నిర్ణయం మాత్రం మీదే, కారు మీది కాబట్టి.

మీ కారులో ఉన్నది 400 క్యూబిక్ అంగుళాల వి8, అంటే పక్కకి నాలుగు చొప్పున ఎనిమిది సిలిండర్ల ఇంజన్. పాత క్యాటలాగులో దానికి 335 హార్స్‌పవర్ అని ఉంటుంది. ఆ రోజుల్లో ఇంజన్‌ని స్టాండు మీదికి ఎక్కించి, కారులో ఉండే సైలెన్సర్లు, ఇతర సరంజామా లేకుండా కొలిచేవాళ్ళు. 1972 నాటికి అన్నీ బిగించి కొలిచే పద్ధతి వచ్చింది, దాంతో అన్ని కంపెనీల అంకెలూ ఒక్కసారిగా పడిపోయాయి. కారులో కూర్చున్నాక ఇంజన్ బలం తగ్గడానికి ఒక పెద్ద కారణం పొగ బయటికి పోయే దారి. కాబట్టి ఆ దారి బాగుచేయాలన్న మీ ఆలోచన సరైనదే. ఎలా బాగుచేయాలన్నదే ప్రశ్న.

ఈ ఇంజన్‌లో సిలిండర్లు పేలే వరుస 1-8-4-3-6-5-7-2. బేసి సంఖ్యలు డ్రైవర్ పక్క, సరి సంఖ్యలు అవతలి పక్క. ఆ వరుసను కాగితం మీద రాసి వేలు పెట్టి చదవండి. 8 తర్వాత వెంటనే 4, రెండూ ఒకే పక్కవి. 5 తర్వాత వెంటనే 7, అవీ ఒకే పక్కవి. ఈ జంటల మధ్య క్రాంక్‌షాఫ్ట్, అంటే ఇంజన్ ప్రధాన ఇరుసు, తిరిగేది 90 డిగ్రీలే. పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచి ఉండేది అంతకు రెండింతలకు పైనే. అంటే 5వ సిలిండర్ ఇంకా పొగ వదులుతుండగానే పక్కనున్న 7వ సిలిండర్ వాల్వ్ తెరుచుకుని, మంచి ప్రెషర్ మీదున్న పొగను బయటికి తోస్తుంది. సాదా మానిఫోల్డ్‌లో నాలుగు దారులూ వెంటనే ఒకే గొట్టంలో కలుస్తాయి. సినిమా వదిలాక నాలుగు తలుపుల జనం ఒకే సందులోకి వచ్చి పడ్డట్టు, 7వ సిలిండర్ పొగ 5వ దానికి అడ్డం పడుతుంది. 5లో పాత పొగ కొంత మిగిలిపోతే ఆ మేరకు కొత్త పెట్రోల్-గాలి మిశ్రమానికి చోటు ఉండదు.

హెడర్లు చేసే పని ఈ నాలుగు దారుల్నీ దూరం దాకా విడివిడిగా ఉంచడం. దాంతో పాటు ఇంకో మేలు ఉంది, నాకు ఎన్నేళ్ళయినా ముచ్చటగా అనిపించే సంగతి అదే. పొగ ఒత్తిడి అల గొట్టం చివరిదాకా వెళ్ళి, నాలుగూ కలిసే కలెక్టర్ దగ్గర విశాలమైన చోటు దొరకగానే, తక్కువ ఒత్తిడి అలగా మారి వెనక్కి వస్తుంది. సరిగ్గా మిశ్రమాన్ని లోపలికి రానిచ్చే ఇన్‌టేక్ వాల్వ్, ఎగ్జాస్ట్ వాల్వ్ రెండూ కాస్త కాస్త తెరిచి ఉన్న క్షణంలో అది వాల్వ్ దగ్గరికి చేరితే మిగిలిన పొగను లాగేస్తుంది, కొత్త మిశ్రమాన్ని కూడా లోపలికి పిలుస్తుంది. అల ఎప్పుడు చేరాలన్నది గొట్టం పొడవును బట్టి, ఇంజన్ తిరిగే వేగాన్ని బట్టి ఉంటుంది.

ఇక్కడే అసలు మెలిక. రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయాన్ని నిర్ణయించేది వాల్వులను తెరిచే ఇరుసు, క్యామ్‌షాఫ్ట్. మీ ఇంజన్‌లో ఉన్నది కంపెనీ ఇచ్చిన మెత్తని క్యామ్, ఆ సమయం తక్కువ. అల వచ్చినా ఉపయోగించుకునే వీలు అంతగా ఉండదు. పైగా మీరు పోయేది ఇంటి నుంచి కాలేజీకి, ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూయిజ్‌కి. సిగ్నల్ దగ్గర పికప్ కావాలి గానీ ఆరు వేల ఆర్‌పీఎమ్ దగ్గర బలం మీకేం అవసరం? లావు గొట్టాలైతే కింది వేగాల్లో పొగ నడక మందగించి ఆ పికప్పే పోతుంది. పాంటియాక్‌కి మామూలుగా దొరికే హెడర్లలో గొట్టాలు 1¾ అంగుళాలవి. వాటికి మించినవి ఎవరు అంటగట్టబోయినా తీసుకోవద్దు.

అందుకే నేను చెప్పేది రామ్ ఎయిర్ పద్ధతి పోత ఇనుప మానిఫోల్డ్‌లు. పాంటియాక్ వాళ్ళే తమ గట్టి ఇంజన్లకు వేసినవి ఇవి. వీటిలో ఒక్కో సిలిండర్ దారి కొంతదూరం విడిగా పోయి తర్వాతే కలుస్తుంది. ఇప్పుడు అదే రూపంలో కొత్తగా పోతపోసి అమ్ముతున్నారు. వాటికి 2½ అంగుళాల గొట్టాలు కలిపి మంచి సైలెన్సర్లు వేస్తే, మీరు నడిపే తీరుకి హెడర్లకూ వీటికీ తేడా సీట్లో కూర్చున్నవాళ్ళకి తెలియడం కష్టం. కొనేముందు సిలిండర్ హెడ్ చూసుకోండి. మీ హెడ్‌కి ఉన్నవి డి-పోర్టులు, అంటే డి అక్షరం ఆకారంలో ఉండే పొగ రంధ్రాలు. 1969 రామ్ ఎయిర్ ఫోర్‌కి వచ్చిన గుండ్రని పోర్టుల మానిఫోల్డ్ దీనికి కూర్చోదు. చివరి బోల్టు రంధ్రాలు కూడా సరిపోతున్నాయో లేదో పాతది విప్పాక కొలవాలి.

హెడర్ల కష్టాలు కూడా తెలియాలి కదా. స్టీరింగ్ బాక్స్‌కీ, స్టార్టర్‌కీ, మీ కారు క్లచ్ లింకేజీకీ మధ్యలోంచి గొట్టాలు దూరాలి. స్టార్టర్ పక్కనే గొట్టం ఉంటే, పెట్రోల్ కొట్టించుకుని మళ్ళీ స్టార్ట్ చేయబోతే మోటారు మూలుగుతుంది. ప్లగ్గు వైర్ల బూట్లు మాడతాయి. కారు కింద కలెక్టర్ వేలాడుతుంటే మన మిషిగన్ గుంతల రోడ్ల మీద ప్రతిసారీ టెన్షనే. చౌక రకం హెడర్ గొట్టం రేకు మందం దాదాపు 1.2 మిల్లీమీటర్లు. చలికాలం రోడ్ల మీద ఉప్పుకి అది ఎన్నాళ్ళు ఆగుతుంది? వేడి తగ్గుతుందని గుడ్డ చుట్టేవాళ్ళున్నారు. మామూలు ఇనుప గొట్టానికి అది చేటు, తడి పట్టి ఉంచి తుప్పు తెస్తుంది. సిరామిక్ పూత నయం.

రేపు మీరు పెద్ద క్యామ్ వేసి, హెడ్లు మార్చి, పందేలు పెట్టే తిన్నని ట్రాక్, డ్రాగ్ స్ట్రిప్ మీదికి తీసుకెళ్తామంటే నేనే హెడర్లు వేయమంటాను. అప్పుడు ⅜ అంగుళం మందం ఫ్లాంజ్ (హెడ్‌కి బిగించే పలక) ఉన్నవి చూడండి, పల్చటి ఫ్లాంజ్ వేడికి వంకరపోయి గ్యాస్కెట్‌ని తినేస్తుంది. కార్బురేటర్ కూడా మళ్ళీ సర్దాలి. 1967లో జీటీవోకి మూడు కార్బురేటర్ల ట్రై-పవర్ పోయి నాలుగు నోళ్ళ ఒకే కార్బురేటర్, క్వాడ్రాజెట్ వచ్చింది. పొగ దారి విప్పారితే దానికి పెట్రోల్ చాలకపోవచ్చు, పెట్రోల్ కొలిచి వదిలే జెట్లు మార్చి, ప్లగ్గుల రంగు చూసి సరిచేసుకోవాలి.

ఏది వేసినా సరే, ఇప్పుడున్న మానిఫోల్డ్‌లను పాత సామాన్లవాడికి మాత్రం ఇవ్వకండి. తీగ బ్రష్‌తో తుడిస్తే పోతలోనే పడిన అంకెలు కనిపిస్తాయి. బి147 అని ఉంటే 1967 ఫిబ్రవరి 14న పోతపోసినదని అర్థం. బి అంటే రెండో నెల, తర్వాత తేదీ, చివర ఏడాది. ఆ తేదీ మీ కారు తయారైన రోజుకి కాస్త ముందుదైతే అవి కారుతో పుట్టినవే కావచ్చు. పాంటియాక్ అన్న పేరే 2010లో మూతపడింది, అలాంటి ముక్క ఇక కొత్తగా పుట్టదు. నూనె రాసి, కవర్లో చుట్టి అటక మీద పెట్టండి.

విప్పేటప్పుడు బోల్టుల మీద తొందరపడకండి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి, బిగుసుకున్నదాన్ని బలవంతం చేస్తే హెడ్‌లోనే విరుగుతుంది. కొత్తవి బిగించాక ఇంజన్ వేడెక్కి పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ బిగించండి, ఆ తర్వాత రెండు మూడుసార్లు అలాగే చూడండి. చల్లగా స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని, వేడెక్కాక ఆగిపోతే ఎక్కడో లీకు ఉన్నట్టు. పోర్టు పక్కన నల్లటి మసి చార కనిపిస్తే చోటు దొరికినట్టే.

హెడ్ మీది కాస్టింగ్ నంబరు, డ్రైవర్ పక్క స్టీరింగ్ బాక్స్ దగ్గర ఎంత చోటుందో ఫొటోలు తీసి ఈ వారంలో పంపండి. చూసి ఏది ఆర్డరు పెట్టాలో రాస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య