గులాబీకి దిష్టి తగిలిందా?

కింది ఇంటి పిన్నిగారిది హిందూపురం. బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లయినా కుండీలకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టడం మానలేదు. మొన్న రెండు గులాబీ ఆకులు పట్టుకొచ్చారు. "చూడు నాయనా, ఎవరో కత్తెరేసి కోసినట్టుంది. పురుగైతే ఇంత నీటుగా కొరుకుతుందా?"

డౌట్ సరైనదే. తామర పురుగు, పచ్చదోమ లాంటివి రసం పీలుస్తాయి. ఆకు ముడుచుకుంటుంది, పాలిపోతుంది, అంతే. గొంగళి పురుగు నములుతుంది. అది తిన్నచోట అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, కింద ఆవగింజల్లాంటి రెట్టలు రాలుతాయి. పిన్నిగారి ఆకుల అంచుల్లో మాత్రం నున్నటి అరచందమామలు. కుండీ చుట్టూ ఒక్క రెట్ట కూడా లేదు. అసలు ఈ ఆకును ఎవరూ తినలేదు!

ఇది మెగాకైలీ అనే ఒంటరి తేనెటీగ పని. పట్టు పెట్టదు, మనకు తేనె ఇవ్వదు. పుప్పొడిని కూడా కాళ్లకు కాకుండా పొట్ట కింది నూగుకు అంటించుకుని మోస్తుంది. ఆకు అంచును కాళ్ల మధ్య ఇరికించుకుని, ఒళ్లే కాంపస్‌గా తిరుగుతూ దవడలతో కోసుకుపోతుంది. వ్యాసార్ధం పాఠం బోర్డు మీద చెప్పే బదులు పిల్లలకు ఈ ఆకు చూపించవచ్చు. ఇంతకీ అది నిలబడింది తాను కోస్తున్న ముక్క మీదే. కూర్చున్న కొమ్మను నరుక్కున్న కాళిదాసు కథే, కాకపోతే దీనికి రెక్కలున్నాయి. ఆఖరి నరం తెగేలోపే రెక్కలు ఆడించడం మొదలుపెట్టి, ముక్కతో సహా ఎగిరిపోతుంది.

ముక్కల్లోనూ రెండు కొలతలు. కోలగా ఉన్నవి గోడలకు, గుండ్రటివి మూతలకు. ఏదో ఒక సన్నటి చిల్లులో వాటిని చుట్టలా చుట్టి, లోపల పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దానిమీద ఒక్క గుడ్డు పెట్టి మూసేస్తుంది. ఆ మూత మీదే ఇంకో గది మొదలు. చుట్ట విప్పితే పొరలు పొరలుగా ఆకు ముక్కలు బయటపడతాయి.

"మరి మందు కొట్టమంటావా?"

వద్దన్నాను. అది ఆకును మింగదు కాబట్టి ఆకుమీద చల్లిన మందు పెద్దగా పనిచేయదు, పైగా పూలకొచ్చే మిగతా ఈగలు పోతాయి. నాలుగు ఆకులు తెగితే గులాబీకి వచ్చే నష్టమూ లేదు.

పిన్నిగారు పూర్తిగా నమ్మినట్టు లేరు. సాయంత్రం ఫోన్ చేశారు. కిటికీ చట్రంలో స్క్రూ ఊడిపోయిన చిల్లుకు పచ్చటి బిళ్ల అడ్డంగా ఉందట, గులాబీ ఆకు రంగులోనే.