పురుగును ముందు చూసింది ఇంటివాళ్లే

1996 ఆగస్టులో న్యూయార్క్ నగరంలోని గ్రీన్‌పాయింట్‌లో ఉండే ఒకాయనకు ఇంటి దగ్గరి మేపుల్ చెట్ల కాండానికి గుండ్రటి రంధ్రాలు కనిపించాయి. ఆకతాయిలెవరో డ్రిల్లింగ్ మెషిన్‌తో తొలిచారనుకుని పార్కుల శాఖకు ఫిర్యాదు చేశారు. తొలిచింది ఒక పురుగని తర్వాత తేలింది: ఏషియన్ లాంగ్‌హార్న్‌డ్ బీటిల్. చైనా, కొరియా ప్రాంతాలకు చెందిన ఈ పురుగు అమెరికా చెట్లలో స్థిరపడినట్టు బయటపడడం అదే మొదటిసారి.

సరుకు ప్యాక్ చేసే చెక్క పెట్టెల్లో దాని లార్వాలు (పిల్ల పురుగులు) ఓడలెక్కి వచ్చి ఉంటాయని నిపుణులు చెప్పారు. 1998 చివర్లో చైనా నుంచి వచ్చే చెక్క ప్యాకింగ్‌ను వేడితోనో మందుతోనో శుద్ధి చేయాలని అమెరికా నిబంధన పెట్టింది. 2002లో అంతర్జాతీయ ప్రమాణమూ వచ్చింది. అప్పటికే లోపలికి వచ్చేసిన పురుగుల సంగతేమిటి?

వాటిని వెతకడమే కష్టం. ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు అవి చెట్టు లోపలే ఉంటాయి. వీధి చెట్లను ఇన్‌స్పెక్టర్లు చూడగలరు. పెరటి చెట్లను రోజూ చూసేది మాత్రం ఆ ఇంటివాళ్లే.

2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో పెరట్లో పురుగును గుర్తించి చెప్పింది ఒక సామాన్య మహిళ. అప్పటికే అది అక్కడ సుమారు పదేళ్లుగా ఉందని అంచనా. పురుగు ఇంకా వ్యాపించకుండా ఆ ప్రాంతంలో 30,000కు పైగా చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. 2010లో అదే రాష్ట్రంలోని బోస్టన్‌లో, ఆసుపత్రి ఆవరణలో చెట్ల పని చూసే ఒక ఉద్యోగి కంట పడింది. అక్కడ పురుగు పట్టింది ఆరు చెట్లకే. 2014 కల్లా ఆ ప్రాంతంలో దాన్ని నిర్మూలించినట్టు ప్రకటించారు. ఎవరు చూశారన్న దానికన్నా, ఎంత త్వరగా చూశారన్నదే ఇక్కడ తేడా.

అందుకే అమెరికా వ్యవసాయ శాఖ ఆగస్టును 'చెట్లు పరీక్షించే నెల'గా ప్రచారం చేస్తోంది. రెక్కల పురుగులు బయట తిరిగే కాలమది. కొన్ని రాష్ట్రాల్లో ఈత కొలనులున్న వాళ్లను ఫిల్టర్‌లో చిక్కిన పురుగులు చూడమని అడిగారు. తమాషాగా అనిపించినా తెలివైన ఆలోచనే. ఎగిరే పురుగులు నీళ్లలో పడుతుంటాయి, ఫిల్టర్‌ను యజమాని ఎలాగూ శుభ్రం చేస్తాడు.

ప్రతి పురుగుకూ ఈ పద్ధతి పనికిరాదు. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే, యాష్ చెట్లను తొలిచే మరో పురుగు చిన్నది. సాధారణంగా పైకొమ్మల్లో మొదలవుతుంది, దాని రంధ్రం 3, 4 మిల్లీమీటర్లే. ఇంటివాళ్లకు అనుమానం వచ్చేసరికే కొన్నేళ్లు గడిచిపోతాయి.

ఇంకో చిక్కు, ప్రచార పోస్టర్లలో పెద్దగా కనిపించనిది, భయం. ఫోన్ చేస్తే తన చెట్టే కాదు, పొరుగింటి చెట్టూ పోవచ్చు. వూస్టర్‌లో కొన్ని వీధులకు నీడే లేకుండా పోయింది. కొట్టే ఖర్చు ప్రభుత్వానిదే అయినా ఆ బాధ తగ్గదు. పురుగు ఫొటోతో పాటే కొత్త మొక్క ఎప్పుడు నాటుతారో కూడా చెబితే జనం ఇంకాస్త ధైర్యంగా ఫోన్ చేస్తారని నా అభిప్రాయం.

2020లో సౌత్ కరోలినాలో ఏషియన్ లాంగ్‌హార్న్‌డ్ బీటిల్‌ను కొత్తగా బయటపెట్టిందీ ఒక ఇంటి యజమానే. అనుమానం వస్తే అధికారులు చెప్పేది ఇంతే: పురుగును సీసాలో పట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, ఫొటో తీయండి, మాకు చెప్పండి.