దిష్టి దండ, లోపలి చెవి, పైకి లేచిన విమానం

"భోగి పొద్దున చెన్నైలో దిగబోయిన మా విమానం, నేల కనబడకముందే హోరుమని పైకి లేచింది. సీటుతో సహా వెల్లకిలా పడిపోతున్నట్టు అనిపించింది. అడుగున ధడేల్‌మని చప్పుడు. పైలట్ ఏమైనా పొరపాటు చేశాడా?" అని కావలి నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

పొరపాటు కాదమ్మా. పొగలోనైనా మంచులోనైనా మామూలు ఐ.ఎల్.ఎస్. పద్ధతిలో, అంటే నేల నుంచి వచ్చే రేడియో సంకేతాలను పట్టుకుని దిగేటప్పుడు సుమారు 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే దీపాలు కనబడాలి. లేదంటే ఇంకాస్త కిందికెళ్లి చూద్దామనుకోకూడదు, లేచిపోవాల్సిందే. ఆ దారిని ముందే చార్టులో చూసుకుని ఉంటారు. దీన్నే మిస్డ్ అప్రోచ్ అంటారు.

నన్ను పట్టేసింది మాత్రం ఆమె రాసిన 'వెల్లకిలా' అన్న మాట.

నెల్లూరులో బస్సు హైవే ఎక్కేటప్పుడు డ్రైవరు ముందు వేలాడే నిమ్మకాయ, మిరపకాయల దండను చూడండి. వేగం అందుకునే కొద్దీ అది మనవైపు వాలుతుంది. తిరుమల ఘాట్ ఎక్కుతున్నా మనవైపే వాలుతుంది. కిటికీలన్నీ మూసేసి దండను మాత్రమే చూపిస్తే, బస్సు కొండెక్కుతోందో, చదును రోడ్డు మీద వేగం పెంచుతోందో ఎవరూ చెప్పలేరు. దిష్టిని నేను నమ్మను గానీ, త్వరణం పాఠం చెప్పే మాస్టార్లకు ఇంతకంటే మంచి పరికరం దొరకదు. పిల్లల్ని బస్సెక్కించి చూపించండి!

మన లోపలి చెవిలోనూ ఇలాంటి దండే ఉంది. జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రేణువులు ఉంటాయి. మైపాడు ఒడ్డున ఏరుకునే గవ్వల్లో ఉన్నదీ ఆ పదార్థమే. తల వెనక్కి వాల్చితే ఆ బరువుకు పొర జారి, అడుగునున్న వెంట్రుకల్లాంటి నూగు వంగుతుంది. ముందుకు వేగం పెరిగినా అటే వంగుతుంది. మబ్బులో కళ్లకు ఆనవాలు ఉండదు కాబట్టి, ముక్కు పైకి లేచిందనే మెదడు అనుకుంటుంది.

లెక్క చూద్దాం. ప్రతి సెకనుకూ విమానం వేగం సెకనుకు 2 మీటర్ల చొప్పున పెరుగుతోందనుకోండి. గురుత్వ త్వరణం అదే కొలతలో 9.8. రెండూ కలిసి 'కింద' అన్న దిక్కును 11 డిగ్రీలకు పైగా వెనక్కి జరుపుతాయి. 15 డిగ్రీలు లేచిన ముక్కు దాదాపు 26 లేచినట్టు అనిపిస్తుంది. కంగారుపడి పైలట్ ముక్కును కిందికి తోస్తే శరీరం తేలికవుతుంది. బరువు సగమైతే, ఆ 11 డిగ్రీల భ్రమ 22 అవుతుంది. దాంతో ఇంకా తోస్తాడు.

2000 ఆగస్టు 23 రాత్రి బహ్రెయిన్‌లో గల్ఫ్ ఎయిర్ ఎయిర్‌బస్ ఏ320 ఇలా దిగడం మాని మళ్లీ పైకి లేస్తూ (దీన్ని గో అరౌండ్ అంటారు) సముద్రంలో కూలింది. 143 మంది పోయారు. పైలట్ ఈ భ్రమకే లోనై ఉండవచ్చని దర్యాప్తులో తేలింది.

అందుకే శిక్షణలో ఒంటిని నమ్మొద్దని పదేపదే చెబుతారు. చూపు కృత్రిమ క్షితిజం మీదే, అంటే ముక్కు నిజంగా ఎంత లేచిందో చూపే పరికరం మీదే ఉండాలి. రెండో పైలట్ ఆల్టీమీటరు చూసి, ఎత్తు నిజంగా పెరుగుతోందని పైకే చెప్పాలి. ఆ మాట విన్నాకే చక్రాలు ముడుస్తారు. మీరు విన్న ధడేల్ బహుశా అదేనమ్మా.