ఇరవై రోజుల పనికి ఒక రోజు

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు ఫ్యాక్టరీ కార్మికుడికి జీతంతో కూడిన వార్షిక సెలవు దక్కాలంటే ఏడాదిలో 240 రోజులు పని చేసి ఉండాలి. ఇప్పుడు 180 రోజులు చాలు. ఈ అరవై రోజుల తేడా వెనుక నూట ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

మొదటి పోరాటం వారానికి ఒక్క రోజు కోసమే. బొంబాయి మిల్లు కార్మికుల తరఫున నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి అడగగా, 1890లో యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది అది చట్టంలోకి ఎక్కింది. అయితే ఆ రోజుకు కూలి ఇవ్వాలని చట్టం చెప్పలేదు. పని మానితే పస్తు అనే భయం అలాగే మిగిలింది.

జీతంతో సెలవు అన్న మాటకు 1936లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం రూపమిచ్చింది: ఏడాది సర్వీసుకు కనీసం ఆరు పనిదినాలు. మన దేశంలో ఫ్యాక్టరీల చట్టానికి 1945లో చేసిన సవరణ దాన్ని పది రోజులు చేసింది. 1948 ఫ్యాక్టరీల చట్టం లెక్కనే మార్చేసింది. పని చేసిన ప్రతి ఇరవై రోజులకు ఒక రోజు జమ. ఇలా జమయ్యేదే ఆర్జిత సెలవు. ఆ పేరులోనే విషయమంతా ఉంది. అది యజమాని దయ కాదు, చెమటోడ్చి కూడబెట్టుకున్న కూలి.

కానీ 240 రోజుల షరతు ఎందరికో గోడలా అడ్డు నిలిచింది. పత్తి జిన్నింగ్ మిల్లుల్లో, చక్కెర ఫ్యాక్టరీల్లో సీజను కొన్ని నెలలే. అక్కడి కూలీలు ఎంత కష్టపడినా హాజరు పట్టీలో ఆ సంఖ్య కనిపించేది కాదు. 180 రోజులు కూడా వారిలో చాలామందికి దూరమే. నన్ను బాధించేది ఇదే.

వాడుకోని సెలవులు 30 రోజుల వరకే మరుసటి ఏడాదికి వెళతాయని 1948 చట్టం అన్నది. అయితే నిబంధన ప్రకారం అడిగినా యజమాని నిరాకరించిన సెలవుకు ఈ పరిమితి లేదు. అందుకే సెలవు నోటిమాటగా కాక కాగితం మీద అడగాలి, నకలు దాచుకోవాలి.

చాలామందికి తెలియని మరో హక్కు కూడా ఆ చట్టంలో ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ఉద్యోగం మానేసినా, తీసేసినా, సెలవుకు కావలసిన రోజులు నిండకపోయినా సరే, పని చేసిన రోజుల మేరకు సెలవు జీతం చెల్లించాలి. వంద రోజులు పని చేసి వెళ్లిపోయిన కూలీకి ఐదు రోజుల జీతం రావాలి.