గ్రహణం నిమిషానికి తెలిసినప్పుడు వాన ఎందుకు తెలియదు?

2024 అక్టోబర్ నడిమిలో చెన్నై వేళచ్చేరి ఫ్లైఓవర్ అంచున కార్లు ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి. చెన్నైకి, చుట్టుపక్కల జిల్లాలకు 16వ తేదీన రెడ్ అలర్ట్ అని వాతావరణ శాఖ చెప్పింది. అంటే ఒక్క రోజులో 20 సెంటీమీటర్లు దాటి కురిసే వీలుందని. 2015 వరదల్లో బండ్లు మునిగి ఇంజన్లు పోగొట్టుకున్నవాళ్లు ఈసారి ముందే ఎత్తైన చోటు చూసుకున్నారు. మా కింది పోర్షన్‌వాళ్లు ఇన్వర్టర్‌ని బల్ల మీదికి ఎక్కించి, బియ్యం మూట అటక మీద పెట్టారు. 15న గట్టిగానే కురిసింది. 16న మాత్రం భయపడ్డంత వాన లేదు. వాయుగుండం పైకి జరిగి, 17 తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరంగా తీరం దాటింది.

నెల్లూరు నుంచి మా అత్తయ్య ఫోన్ చేసి అడిగింది: "గ్రహణం ఫలానా నిమిషానికి పడుతుందని ఉగాదినాటి పంచాంగంలోనే వేస్తారు గదమ్మా, రేపటి వాన చెప్పడానికి వీళ్లకేం వచ్చింది?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతకాలంటే ఈ ఊళ్లోనే నుంగంబాక్కం వెళ్లాలి.

అక్కడ 1792లో ఈస్టిండియా కంపెనీ నక్షత్రశాల కట్టింది. 1796 నుంచి జాన్ గోల్డింగ్‌హామ్ ఆధ్వర్యంలో వాతావరణం లెక్కలూ రాయడం మొదలైంది. నక్షత్రాల గమనం, గాలీ వానా ఒకే ఆవరణలో లెక్కకు ఎక్కాయి. ఆ నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి పంచాంగకర్తల ఇంట పుట్టినవాడు. 1867లో ఆర్ రెటిక్యులి అనే చంచల తార, అంటే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రం, ఆయన కంటనే పడింది. పాత పట్టికల్ని గుడ్డిగా నమ్మకుండా, ఆకాశంలో కనబడేదానితో సరిచూసుకునే దృగ్గణిత పంచాంగం కోసం పాటుపడ్డాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. నక్షత్రశాల అధిపతి పోగ్‌సన్ మచిలీపట్నం చేరాడు, ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చాడు, రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. గ్రహణం ఎప్పుడు పడుతుందో ముగ్గురికీ ముందే తెలుసు. ఆ ఘడియలో నెత్తిన మబ్బు ఉంటుందో లేదో మాత్రం ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మా అత్తయ్య ప్రశ్నంతా అక్కడే ఉంది.

సూర్యుడు, చంద్రుడు, భూమి నడిచే దారిలో అడ్డుపడేవి చాలా తక్కువ. లెక్కలో చిన్న తప్పు దొర్లినా అది మెల్లగా పెరుగుతుంది. గాలి సంగతి వేరు. అందులో తప్పు రెండు మూడు రోజులకే రెట్టింపవుతుంది.

అయినా జనం అడగక మానలేదు, సర్కారూ ఊరుకోలేదు. 1864 కలకత్తా తుఫాను, ఆ తర్వాతి కరువులు చూశాక 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. మరుసటి ఏడే మొదలైన కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల ప్రాణాలు తీసింది. శాఖ తొలి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మీది మంచును బట్టి రుతుపవనాలను అంచనా వేశాడు. 1899లో వానలు బాగుంటాయన్నారు, కరువొచ్చింది. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణిత పండితుడు. ప్రపంచం నలుమూలల పీడనాలు, వానలు, ఉష్ణోగ్రతలు పోల్చి చూస్తూ, పసిఫిక్ మీద గాలి పీడనం ఒకవైపు పెరిగితే మరోవైపు తగ్గే ఊగిసలాటను పట్టుకున్నాడు. నేటి ఎల్‌నినో అంచనాలకు అదే పునాది. అయినా వాకర్ సూత్రాలు కూడా చాలాసార్లు గురి తప్పాయి.

లోపం లెక్కలో ఉందా, గాలిలోనే ఉందా? 1961లో అమెరికాలో వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్ మీద చిన్న వాతావరణ నమూనా నడుపుతున్నాడు. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు, యంత్రంలో 0.506127గా ఉన్న సంఖ్యను కాగితం మీద అచ్చయినట్టు 0.506 అని కొట్టాడు. కాఫీ తాగి వచ్చేసరికి పాత గీతకూ కొత్త గీతకూ పొంతన లేదు. దశాంశ బిందువు తర్వాత నాలుగో స్థానంలో కొట్టేసిన ముక్క మొత్తం వాతావరణాన్నే మార్చేసింది. ఎంత మంచి పరికరమైనా గాలిలోని ప్రతి కదలికనూ కొలవలేదు కాబట్టి, ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా ఫలానా రోజు వాతావరణాన్ని సుమారు రెండు వారాలకు మించి చెప్పలేం. వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలన్నది నిట్టూర్పుగానే వింటూ వచ్చాం. లోరెంజ్ తర్వాత అందులో సగం గణితమైంది.

ఇది తెలిశాకే అసలైన ముందడుగు పడింది. 1992 నుంచి ఐరోపా, అమెరికా కేంద్రాలు ఒక్క లెక్క బదులు, మొదటి సంఖ్యల్ని కొద్దికొద్దిగా మార్చి చాలా లెక్కలు వేయసాగాయి. పదింటిలో ఏడు లెక్కలు వాన చూపిస్తే అవకాశం వందలో డెబ్బై. డెబ్బై అన్న రోజు వాన రాకపోతే అది తప్పు కాదు. అలా అన్న వంద రోజుల్లో డెబ్బై రోజులు కురిసిందా అని చూడాలి. అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు గ్లెన్ బ్రయర్ 1950లోనే ఇలా మార్కులు వేసే సూత్రం ఇచ్చాడు.

తుఫాను దారి, పేటలో పడే వాన ఒకలాంటివి కావని కూడా గుర్తుంచుకోవాలి. తుఫాను వందల కిలోమీటర్ల సుడి, రోజుల తరబడి బతుకుతుంది, అందుకే దారి దొరుకుతుంది. 1977 తుఫానులో దివిసీమలో వేలమంది కొట్టుకుపోయారు. 2014లో విశాఖకు హుద్‌హుద్ తుఫాను వస్తోందని రోజుల ముందే తెలిసి లక్షల మందిని తరలించారు. కానీ వేళచ్చేరి మీద ఆగి కుమ్మరించే మబ్బు కొన్ని కిలోమీటర్లే, దాని ఆయుష్షు గంటో రెండో. 2015 డిసెంబర్ 1న భారీ వాన ఉందని అందరికీ తెలుసు. తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్లు పడుతుందని, చెంబరంబాక్కం చెరువు గేట్లెత్తితే అడయారు నది ఎక్కడిదాకా పొంగుతుందని ఎవరూ ఇంటింటికీ చెప్పలేదు.

అందుకే 2024 అక్టోబర్ 16ని వాతావరణ శాఖ ఓటమిగా లెక్కగట్టడం నాకు సమ్మతం కాదు. ఫ్లైఓవర్ మీద కారు పెట్టినాయన చేసింది తెలివైన పనే, నీళ్లు రాకపోయినా సరే. నేను అడిగేది ఒకటే. ఎర్ర రంగు పక్కన అవకాశం వందలో ఎంతో, ఏ పేటకు ఎంతో, తుఫాను కాస్త పక్కకు జరిగితే ఏమవుతుందో కూడా రాయండి, తమిళంలోనూ తెలుగులోనూ. మా అత్తయ్యకు అర్థమవుతుంది. శ్రావణంలో నెల్లూరు పొలాల్లో విత్తు వేయాలా ఆగాలా అని నలభై ఏళ్లు ఆవిడ వేసుకున్నది ఆ లెక్కే.