పడవ మీద పార్టీ, చేతిలో ఫింగర్ ఫుడ్: అపోహలు, వాస్తవాలు

బోటు పార్టీకి క్యాటరింగ్ కావాలని ఫోన్ చేసేవాళ్ళు మొదట అడిగేది మెనూ. నేను మొదట అడిగేవి వేరు. బోటులో ఫ్రిజ్ ఉందా? ఉంటే ఎంతది? వంటగది తలుపు వెడల్పు ఎంత? జెట్టీ నుంచి ఎక్కడానికి మెట్లున్నాయా, ఒక్క పలకేనా? అవతల కాసేపు మాట ఉండదు. ఈ మనిషికి తిండి సంగతి తప్ప మిగతావన్నీ కావాలి అనుకుంటారేమో. కానీ బోటు తాళ్ళు విప్పాక, ఉప్పు మర్చిపోయామన్నా పక్కింటికి పరిగెత్తలేం. అందుకే బోటు క్యాటరింగ్‌లో ముప్పాతిక పని ఒడ్డు మీదే అయిపోవాలి. ఈ పనిలో నేను పదే పదే వినే మాటలు కొన్ని, వాటి వెనక అసలు సంగతి ఏమిటో రాస్తున్నాను.

అపోహ: హాల్లో పార్టీకి పెట్టే స్టార్టర్స్‌నే బోటులోనూ పెట్టొచ్చు.

హాల్లో నేల కదలదు. బోటులో మనిషి ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుంటాడు, తినడానికి మిగిలేది రెండో చెయ్యి ఒక్కటే. ప్లేటు, ఫోర్కు, గ్లాసు మూడూ పట్టుకునే వీలుండదు. కాబట్టి ఏదైనా ఒక్క నోటికి, మహా అయితే రెండు కొరుకులకు అయిపోవాలి. కారకూడదు, రాలకూడదు.

కొత్త ఐటమ్ ఏది చేసినా మా కుర్రాళ్ళకు ఒక పరీక్ష పెడతాను. ఒంటికాలి మీద నిలబడి ఎడమచేత్తో తినాలి. చొక్కా మీద మరక పడినా, కింద పొట్టు రాలినా అది బోటు ఎక్కదు. పొరలు పొరలుగా ఉండే పఫ్‌లు ఇలాగే పోయాయి. గాలికి ఆ పొరలు ఎగిరి డెక్ చెక్కల సందుల్లో దూరితే మర్నాటి దాకా ఊడ్చుకోవాల్సిందే. సాస్ పైన పోసే ఐటమ్స్‌ను మార్చి, సాస్‌ను చిక్కగా చేసి లోపల పెట్టడం మొదలుపెట్టాం. సాండ్‌విచ్ అయితే బ్రెడ్‌కు అంచుల దాకా వెన్న పూయాలి. ఆ వెన్న పొర లోపలి తడిని బ్రెడ్‌కు అంటనివ్వదు, మూడు గంటలైనా మెత్తబడదు. టార్ట్ గిన్నెలు, వాటిలో నింపేది విడివిడిగా తీసుకెళ్ళి, వడ్డించే పది నిమిషాల ముందు కలపాలి. ముందే నింపి తీసుకెళ్తే నానిపోయి చేతిలోనే కూలిపోతాయి.

అపోహ: ఐస్‌బాక్స్‌లో పెట్టేశాం కదా, ఇక భయం లేదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఐస్‌బాక్స్ చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచుతుంది, అంతే. వెచ్చగా ఉన్నదాన్ని తొందరగా చల్లబరిచే శక్తి దానికి లేదు. ఒక లెక్క చూడండి. 330 మిల్లీలీటర్ల డ్రింక్స్ 24 తెచ్చి, 30 డిగ్రీల వేడిలో ఉన్నవాటిని నేరుగా ఐస్‌లో పెట్టామనుకుందాం. వాటిని 5 డిగ్రీలకు తేవడానికే దాదాపు రెండున్నర కిలోల ఐస్ కరిగిపోతుంది. సీసాలు గాజువైతే ఇంకాస్త ఎక్కువే. తర్వాత ఆహారాన్ని కాపాడటానికి మిగిలేదెంత? అందుకే తిండైనా డ్రింక్స్ అయినా ముందు రాత్రే ఫ్రిజ్‌లో బాగా చల్లబడాలి. బాక్స్‌ను కూడా కాస్త ఐస్ వేసి ముందే చల్లబరుస్తాం. పెద్ద ఐస్ దిమ్మ నిదానంగా కరుగుతుంది కాబట్టి అది అడుగున, చిన్న ముక్కలు సందుల్లో. డ్రింక్స్ బాక్స్ వేరు, ఆహారం బాక్స్ వేరు. డ్రింక్స్ బాక్స్ మూత నిమిషానికోసారి తెరుచుకుంటుంది, ఆ గాలి తిండికి తగలకూడదు.

5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. త్వరగా పాడయ్యేవి ఏవైనా ఆ మధ్యలో మొత్తం కలిపి రెండు గంటలు మించి ఉండకూడదు. ఎండ మండిపోతూ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. "మొత్తం కలిపి" అన్నమాట గుర్తుంచుకోండి. ట్రే టేబుల్ మీద పెట్టినప్పుడు కాదు, ఫ్రిజ్ నుంచి బయటికొచ్చిన క్షణం నుంచే గడియారం మొదలవుతుంది. వ్యాన్‌లో ఎక్కించిన సమయం, జెట్టీ మీద ఎదురుచూసిన సమయం అన్నీ అందులోకే వస్తాయి. ఒకసారి అతిథులు యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. మా మనిషి తొందరపడి రొయ్యల ట్రేలు ముందే బయటపెట్టి ఎండలో ఉంచాడు. చూడటానికి నిగనిగలాడుతున్నాయి, వాసన కూడా బాగానే ఉంది. అయినా పారేశాను. కడుపు మండింది, కానీ తప్పలేదు.

"మళ్ళీ వేడి చేస్తే సరిపోతుంది కదా" అని అడుగుతారు. సరిపోదు. స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వేడికి చచ్చినా, అది అప్పటికే వదిలిన విషం మామూలు వంట వేడికి పోదు. అది మనుషుల చర్మం నుంచి, ముక్కు నుంచే వస్తుంది కాబట్టి చేత్తో చుట్టే, అమర్చే ఫింగర్ ఫుడ్‌లో దాని భయం మరీ ఎక్కువ. అన్నంతో చేసిన ఉండలు, రోల్స్ ఉంటే ఇంకా జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అన్నం వెచ్చగా ఉండిపోతే మళ్ళీ లేచి పెరుగుతాయి.

మేం చేసేది ఇంతే: పెద్ద ట్రే ఒకటి కాకుండా చిన్న ట్రేలు ఎక్కువ. ఒకటి అయ్యాకే ఇంకొకటి బయటికి. సగం ఖాళీ అయిన ట్రే మీద కొత్తవి ఎప్పుడూ సర్దం. ప్రతి ట్రే అడుగున చిన్న స్టికర్ మీద బయటికొచ్చిన టైమ్ రాసి ఉంటుంది.

అపోహ: వేడివి కావాలంటే బోటులోనే వేడి చేసుకోవచ్చు.

ఈ ముక్క నేనూ ఒకప్పుడు నమ్మాను. ఓ సాయంత్రం జెట్టీ దగ్గరే వేడి అలమారా ప్లగ్ పెట్టి, 90 చికెన్ ముక్కలు అందులో సర్దాం. ఎర్ర లైటు వెలుగుతోంది, నిశ్చింతగా ఉన్నాను. బోటు కదిలిన అరగంటకు తలుపు తీస్తే లోపల గోరువెచ్చగా ఉంది. లైటు లేదు. గుండె జారిపోయింది. అప్పటిదాకా కరెంటు వచ్చింది ఒడ్డు మీది కేబుల్ నుంచి! బయల్దేరేముందు సిబ్బంది మామూలుగా దాన్ని పీకేశారు. వాళ్ళ తప్పేం లేదు, అడగనిది నేనే.

బోటు బ్యాటరీల సంగతి కూడా తెలుసుకోవాలి. 2000 వాట్ల హీటర్‌ను 12 వోల్టుల బ్యాటరీ మీద నడపాలంటే 165 ఆంపియర్లకు పైనే లాగుతుంది. చిన్న బోటులో అది జరిగే పని కాదు. జనరేటర్ ఉంటే ఎన్ని వాట్లు ఇస్తుందో, అందులో ఏసీ, మ్యూజిక్ పోగా మనకు ఎంత మిగులుతుందో కెప్టెన్‌నే అడగాలి. ఇక మంటతో వేడి చేసే ట్రేలు, చిన్న గ్యాస్ స్టవ్‌ల మాట ఎత్తకండి. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. కెప్టెన్ వద్దన్నాడంటే వద్దనే.

వేడిగానే కావాలంటే ఇన్సులేటెడ్ బాక్స్‌లు నమ్మకమైనవి. మరిగే నీళ్ళ సీసాలు పెట్టి బాక్స్‌ను ముందే వెచ్చబరిచి, పొగలు కక్కే తిండిని నిండుగా సర్దాలి. ఖాళీ ఎంత ఉంటే అంత త్వరగా చల్లారుతుంది. మొదటి గంటలోనే వడ్డించేయాలి, థర్మామీటర్ 60 కంటే తక్కువ చూపిస్తే గడియారం మొదలైనట్టే. నన్నడిగితే, మెనూలో వేడివి రెండు చాలు. మిగతావి చల్లగా తిన్నా రుచి తగ్గనివే పెట్టుకోండి.

అపోహ: కడుపులో తిప్పేవాళ్ళు ఖాళీ కడుపుతో రావడమే మేలు.

సరిగ్గా తిరగేసి చెబుతారు దీన్ని. చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, ఎదురుగా ఉన్న గోడను చూస్తున్న కన్ను కదలడం లేదంటుంది. ఆ తగాదాలోంచి పుట్టేదే ఈ వికారం. ఖాళీ కడుపు దాన్ని పెంచుతుంది, నూనె ఓడే తిండీ మద్యమూ ఇంకా పెంచుతాయి. అందుకని మొదటి ట్రేలో ఎప్పుడూ పొడిగా, తేలిగ్గా ఉండేవే పెడతాను: ఉప్పు బిస్కెట్లు, చిన్న బ్రెడ్ ముక్కలు, పళ్ళు. అల్లం చాలామందికి హాయిగా ఉంటుంది కాబట్టి అల్లం బిళ్ళలు ఒక గిన్నెలో. వేపుడు వాసన మాత్రం కిందిగదిలో నిలవ ఉందంటే బాగున్నవాళ్ళు కూడా పైకి పరిగెత్తుతారు. వికారంగా ఉన్నవాళ్ళను బోటు నడిమధ్యకు, గాలి తగిలేచోటికి తీసుకెళ్ళి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతను చూడమనండి. ఆ మనిషి ముందుకు ట్రే తీసుకెళ్ళకండి, దయచేసి.

అపోహ: ఎన్ని పీసులో తెలీకపోతే డబుల్ చేయించేస్తే సరి.

డబుల్ చేస్తే పెట్టేదెక్కడ? మా లెక్క ఇలా ఉంటుంది: తర్వాత భోజనం ఉండి ఒక గంట పార్టీ అయితే మనిషికి 4 నుంచి 6 పీసులు. రెండు మూడు గంటలైతే 8 నుంచి 10. భోజనం బదులు ఇదే అయితే 12 నుంచి 15. ఐటమ్స్ సంఖ్య ఆరేడు దాటనివ్వను. తక్కువ పడుతుందనే టెన్షన్ ఉంటే పాడుకాని పొడి తినుబండారాలు పెట్టె నిండా అదనంగా పెట్టుకోవడమే.

మనుషుల లెక్కలో ఇంకో చిక్కుంది. బోటుకు ఇంతమందే అని పరిమితి ఉంటుంది. 40 మంది పరిమితి అంటే 40 మందినీ పిలిచేస్తారు, వడ్డించే ముగ్గురు గుర్తుకే రారు. మేమూ ఆ లెక్కలోకి వస్తామా రామా అన్నది బుకింగ్ రోజే తేల్చుకోవాలి. బయల్దేరేటప్పుడు జెట్టీ మీద తేలితే, దిగాల్సింది మీ పెదనాన్నగారా, మేమా?

అలాగే తిండి టేబుల్ ఒక్కటే ఓ పక్కన పెడితే జనమంతా అటే చేరతారు, చిన్న బోటు అటు ఒరుగుతుంది. రెండు వైపులా చిన్న చిన్న టేబుళ్ళు పెట్టండి, లేదా ట్రేలు తిప్పండి.

అపోహ: తినేదేగా, మిగిలింది నీళ్ళలో వేస్తే చేపలు తింటాయి.

మార్‌పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో ఐదో అనుబంధం ఈ చెత్త గురించే. ప్లాస్టిక్ ఏదైనా సరే, సముద్రంలో ఎక్కడా వేయకూడదు. ఆహారపు వ్యర్థాలను మామూలు సముద్ర ప్రాంతాల్లోనైనా తీరానికి 12 నాటికల్ మైళ్ళు దాటాకే వేయాలి, మెత్తగా నలగ్గొడితే 3 మైళ్ళు. పార్టీ బోట్లలో ఎన్ని అంత దూరం పోతాయి? నదులకు, చెరువులకు వాటి నిబంధనలు వాటికున్నాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, ఎక్కించింది మొత్తం మళ్ళీ దించుకోవాలి. మూతలున్న డబ్బాలు రెండు, నిండాక కట్టేసే సంచులు. టూత్‌పిక్కులు, నాప్‌కిన్లు బోటు టాయ్‌లెట్‌లో పడితే పంపు మూసుకుపోతుంది, ఇక పార్టీ అక్కడితో సరి. అందుకే గుచ్చే పుల్లలు లెక్కబెట్టి ఎక్కిస్తాం, లెక్కబెట్టి దించుతాం. అన్నట్టు, నాప్‌కిన్ల దొంతర మీద బరువు పెట్టకపోతే మొదటి గాలికే అన్నీ నీళ్ళలో తేలతాయి. గాజు గ్లాసులు అసలే వద్దు, డెక్ మీద చాలామంది చెప్పులు విడిచి తిరుగుతారు.

అపోహ: అలెర్జీ ఉన్నవాళ్ళు వాళ్ళే చూసుకుంటారు.

ఒడ్డు మీదైతే అంబులెన్స్ వస్తుంది. నీళ్ళ మధ్య అది వచ్చేలోగా ఏమైనా జరగొచ్చు. అతిథుల జాబితాతో పాటే ఎవరికి ఏం పడదో కూడా అడుగుతాను. తీవ్రమైన పల్లీ అలెర్జీ ఒక్కరికి ఉన్నా ఆ రోజు మెనూలో పల్లీ మొత్తం బంద్. అందరూ ఒకే ట్రేలో చేతులు పెట్టే చోట విడిగా ఉంచడం మాటలకే. అడ్రినలిన్ ఇంజెక్షన్ వెంట తెచ్చుకునేవాళ్ళు ఉంటే అది ఏ సంచిలో ఉందో బోటు ఎక్కగానే తెలుసుకుంటాను.

అపోహ: దిగేటప్పుడు మిగిలినవి పార్సిల్ కట్టివ్వచ్చు.

దిగడానికి అరగంట ముందే మేం ట్రేలు ఎత్తేస్తాం. తాళ్ళు విసిరేటప్పుడు సిబ్బందికి డెక్ ఖాళీగా కావాలి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒక పెద్దావిడ డబ్బా పట్టుకుని వస్తారు, "బాబూ, పారేస్తారా ఏం?" అని. బయటపెట్టిన ట్రేలోవైతే, అవునమ్మా, పారేస్తాం అంటాను. మూత తీయని బాక్స్‌లోవైతే థర్మామీటర్ గుచ్చి చూస్తాను. ఐదు లోపు ఉంటే ఆవిడ డబ్బా నిండుతుంది.