విదేశీ సాయం: ఇచ్చే దేశాల గురించి మనకున్న అపోహలు, వాస్తవాలు

1990ల చివర్లో ప్రకాశం జిల్లాలో నెదర్లాండ్స్ సాయంతో నడిచిన బోరుబావుల పథకంలో పనిచేశాను. కొందరు సన్నకారు రైతులకు కలిపి ఒక బోరు, ఉన్న నీటికి తగ్గ పంట. అదీ పని. ఊళ్లో ఒక పెద్దాయన ఎప్పుడు కలిసినా ‘‘ఆ దేశమోళ్లకి మన నీళ్లతో ఏం పని సారూ?’’ అని అడిగేవాడు. చాలా మంచి ప్రశ్న అది. ఈ రంగంలో నాకు ఎదురైన అపోహలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: ధనిక దేశాలు తమ సంపదలో పెద్ద వాటానే పంచుతున్నాయి.

వాస్తవం: 1970లో ఐక్యరాజ్యసమితి పెట్టిన లక్ష్యం జాతీయాదాయంలో 0.7 శాతం. వంద రూపాయలకు డెబ్బై పైసలు. 2024లో దాత దేశాలన్నీ కలిసి ఇచ్చింది 0.33 శాతమే. నెదర్లాండ్స్ 1975 నుంచి 2012 దాకా మాట నిలబెట్టుకుంది, ఆ తర్వాత జారిపోయింది.

అపోహ: సాయంగా లెక్కలో చూపిన డబ్బంతా పేద దేశానికే చేరుతుంది.

వాస్తవం: చేరదు. దాత దేశాలు శరణార్థులపై తొలి ఏడాది తమ దేశంలో పెట్టే ఖర్చునూ సాయం కింద రాసుకోవచ్చు. 2022లో మొత్తం సాయంలో దాదాపు ఏడో వంతు ఇదే. శరణార్థులను ఆదుకోవాల్సిందే. ఆ ఖర్చును పేద దేశాల పద్దులో వేయడమే నాకు నచ్చదు. ఇక సాయమంటే ఉచితమనీ అనుకోవద్దు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డుకు జపాన్ సంస్థ జైకా ఇచ్చింది తక్కువ వడ్డీ అప్పు, తిరిగి కట్టాల్సిందే.

అపోహ: మనకు సుస్థిర అభివృద్ధి పాఠాలు చెప్పేవాళ్లు తమ ఇల్లు చక్కబెట్టుకునే ఉంటారు.

వాస్తవం: సగమే నిజం. 1953 వరదలో నెదర్లాండ్స్‌లో 1,800 మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతో కట్టలు, అడ్డుగోడలు కట్టి నీటితో బతకడం నేర్చుకున్నారు. వరదలు, నీటి నిర్వహణ కోసం 2018లో బంగ్లాదేశ్ ఆమోదించిన డెల్టా ప్రణాళిక–2100కు ఆ అనుభవమే అక్కరకొచ్చింది. కానీ అదే దేశంలో కిక్కిరిసిన పశువుల ఎరువు నుంచి వచ్చే నత్రజని నేలనూ నీటినీ పాడుచేస్తోంది. ఆ పశువుల దాణాకు సోయా దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వస్తుంది. నత్రజని వదిలే పనులకు అనుమతులిచ్చే విధానం చెల్లదని 2019 మేలో అక్కడి కోర్టే కొట్టేసింది. కర్బన ఉద్గారాలను 2020 కల్లా 1990 నాటి కంటే కనీసం 25 శాతం తగ్గించాలని అదే ఏడాది డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ కేసు గెలిచింది మామూలు పౌరులు, వాళ్ల తరఫున నిలిచిన ఒక సంస్థ. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు పేద దేశాలకే కాదు, అన్ని దేశాలకూ పెట్టినవి. అందుకే చెక్కు మీద అంకె కన్నా ముందు, ఆ దేశం ఏం తింటోంది, ఏం కాలుస్తోంది, ఎక్కడి నుంచి తెప్పించుకుంటోంది అన్నదే చూస్తాను.

అపోహ: స్వలాభం కలిసిందంటే ఆ సాయం పనికిరానిదే.

వాస్తవం: 2012లో నెదర్లాండ్స్‌లో విదేశీ వాణిజ్యం, అభివృద్ధి సాయం ఒకే మంత్రి చేతిలో పెట్టారు. దాపరికమేమీ లేదు. లాభం ఎవరిదో పైకి కనిపిస్తే మనమూ బేరమాడుకోవచ్చు. డబ్బు ఆగాక ఊళ్లో ఏం మిగులుతుందన్నదే నాకు ముఖ్యం. మా ప్రాజెక్టు ఆఫీసు ఎత్తేశాక కూడా, రబీకి ముందు రైతులు చెట్టు కింద కూర్చుని, బోర్లలో నీటిమట్టం కొలిచి తెచ్చిన కాగితాలు పరుచుకుని, ఎవరు ఎంత వరి మానాలో వాదించుకోవడం చూశాను.